మిగులు ఎవరిది, ఆస్తి ఎక్కడికి? సామాజిక వ్యాపారాల చట్టరూపాలపై ఒక సమీక్ష

సమాజానికి మేలు చేయాలన్న ఉద్దేశంతో మొదలై, అందుకు కావలసిన సొమ్మును విరాళాల మీదే ఆధారపడకుండా సరుకో సేవో అమ్మి సంపాదించుకోవాలనుకునే సంస్థకు భారతదేశంలో మొదటి చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గరే ఎదురవుతుంది. సొసైటీగానో ట్రస్టుగానో నమోదైతే విరాళాలకూ పన్ను మినహాయింపులకూ అర్హత వస్తుంది గాని, వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చుకునే దారి ఉండదు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదైతే పెట్టుబడి తెచ్చుకోవచ్చు గాని విరాళం దాదాపు రాదు. పైగా వాటాలు చేతులు మారిన కొద్దీ కంపెనీ ఉద్దేశం కొత్త వాటాదారుల ఉద్దేశంగా మారిపోకుండా ఆపే అధికారం వ్యవస్థాపకులకు మిగలదు. ఈ రెండింటికీ నడుమ నిలిచే రూపాలను, అంటే లాభాన్ని అనుమతిస్తూనే దాని పంపకానికి హద్దు పెట్టేవాటిని, లేదా సామాజిక ప్రయోజనాన్ని నియమావళిలోనే చేర్చి డైరెక్టర్లను దానికి కట్టుబడేలా చేసేవాటిని, హైబ్రిడ్ రూపాలు లేదా మిశ్రమ రూపాలు అంటున్నారు. 1990ల నుంచి ఇటలీ, బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ వంటి దేశాలు వీటికోసం ప్రత్యేక చట్టాలే చేశాయి. భారతదేశం అలాంటి చట్టం చేయలేదు, కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల సహకార, సూక్ష్మరుణ చరిత్రలో ఈ ప్రశ్న చాలా ముందుగానే, చాలా ఖరీదైన పద్ధతిలో తలెత్తింది.

ఏ రూపాన్ని తూచాలన్నా దాని పేరుకన్నా మూడు విషయాలు చూడడం మేలు. ఏడాది చివర మిగిలిన మిగులు ఎవరికి, ఏ నిష్పత్తిలో వెళుతుందన్నది ఒకటి. సంస్థ ఉద్దేశాన్ని మార్చే ఓటు ఎవరి చేతిలో ఉందన్నది రెండోది. సంస్థ మూతపడినా, అమ్ముడుపోయినా, వేరే రూపంలోకి మారినా కూడబెట్టిన ఆస్తి ఎక్కడికి పోతుందన్నది మూడోది. మొదటి ప్రశ్న మీద జరిగినంత చర్చ మూడో దాని మీద జరగదు. నిజానికి చాలా సంస్థల భవితవ్యం తేలింది మూడోదాని దగ్గరే.

ముందుగా స్థానికంగా అందుబాటులో ఉన్న లాభాపేక్షలేని రూపాలు. సొసైటీలకు 1860 నాటి కేంద్ర చట్టం మూలం; తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి నిజాం కాలపు చట్టం చాలాకాలం వేరుగా నడిచింది; ఈ రెండింటి స్థానంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో తన సొంత సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చుకుంది. కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ ఏర్పడుతుంది, సభ్యులకు ఓటు ఉంటుంది, మిగులు మీద హక్కు ఉండదు. ట్రస్టులో ఆ ఓటు కూడా లేదు: దాత రాసిన దస్తావేజు ప్రకారం ధర్మకర్తలు నడుపుతారు, లబ్ధిదారులు అందుకుంటారు. మూడోది 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లైసెన్సు పొందే కంపెనీ. 1956 చట్టంలో ఇదే 25వ సెక్షన్ కంపెనీ. దీనికి కంపెనీకుండే క్రమశిక్షణ అంతా ఉంటుంది, అంటే ఆడిట్, డైరెక్టర్ల బాధ్యత, రిజిస్ట్రార్‌కు ఏటా సమర్పించే పత్రాలు అన్నీ ఉంటాయి. డివిడెండు మాత్రం ఉండదు, వచ్చిన ఆదాయమంతా ఉద్దేశాలకే ఖర్చు కావాలి. మూతపడినప్పుడు మిగిలిన ఆస్తి ఇలాంటి ఉద్దేశాలే ఉన్న మరో సెక్షన్ 8 కంపెనీకి వెళ్లాలి, లేదా అమ్మగా వచ్చిన సొమ్ము దివాలా చట్టం కింద ఏర్పడిన నిధికి చేరాలి.

ఈ మూడు రూపాలూ వ్యాపారం చేయకూడదని చట్టం అనలేదు. కాని ఆదాయపన్ను చట్టం ఆ వ్యాపారానికి కొలబద్ద పెట్టింది. పేదలకు సహాయం, విద్య, వైద్యం, పర్యావరణం వంటివాటికి కాక మిగిలిన ప్రజోపయోగ లక్ష్యాలకు పనిచేసే సంస్థ ఫీజులతోనో అమ్మకాలతోనో సంపాదిస్తే, ఆ రాబడి మొత్తం వసూళ్లలో 20 శాతం దాటిన ఏడాది పన్ను మినహాయింపు పోతుంది. 2008లో తొలిసారి వచ్చిన ఈ ఆంక్ష మొదట్లో రూపాయల్లో ఉండేది, తరువాత శాతంగా మారింది. సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 19న అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో ఈ హద్దును గట్టిగా నిలబెడుతూ, ఖర్చుకు సరిపడానో దానికి స్వల్పంగా పైనో వసూలు చేయడం వ్యాపారం కిందికి రాదని కొంత వెసులుబాటు చూపింది. అదే రోజు వచ్చిన మరో తీర్పు తెలుగు నేలకు మరింత దగ్గరిది. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, విద్య పేరుతో మినహాయింపు కోరే సంస్థ విద్య కోసమే ఉండాలి తప్ప ఇతర లక్ష్యాలతో పాటు విద్యను కూడా నడపడం చాలదని, రాష్ట్ర ధర్మాదాయ చట్టం కింద నమోదు కూడా అవసరమేనని కోర్టు చెప్పింది. బహుళ లక్ష్యాలతో, అంటే బడి, ఆసుపత్రి, చేతివృత్తుల శిక్షణ అన్నీ ఒకే గొడుగు కింద నడుపుదామని నియమావళి రాసుకునే తెలుగు సొసైటీలు ఈ తీర్పు చదవకుండా ముందుకు వెళ్లడం ప్రమాదకరం. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ 20 శాతం హద్దు అలాగే ఉంది.

విచిత్రమేమిటంటే, భారతదేశంలో ధార్మిక ఆస్తిని కాపాడే అసలు తాళం కూడా పన్ను చట్టంలోనే ఉంది. మినహాయింపు పొందిన ట్రస్టు లాభాపేక్ష సంస్థగా మారినా, అలాంటి సంస్థలో విలీనమైనా, అప్పటికి దాని ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేయగా మిగిలినదాని మీద గరిష్ఠ రేటున పన్ను కట్టాలని 2016లో ఒక నిబంధన వచ్చింది. దీన్ని నిష్క్రమణ పన్ను అంటారు. ప్రజల విరాళంతో కూడిన ఆస్తి ప్రైవేటు చేతికి పోకూడదన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన అయినా, ఆచరణలో ఇది తాళం కాదు, తాళం తీయడానికి కట్టే రుసుము: పన్ను చెల్లించినవాడు మిగతాది తీసుకుని వెళ్లవచ్చు.

బ్రిటన్ ఇక్కడే వేరు దారి పట్టింది. 2004లో చట్టం చేసి 2005 జూలై నుంచి అక్కడ సమాజ ప్రయోజన కంపెనీలను నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి వాటి సంఖ్య 30 వేలు దాటింది. ఈ కంపెనీ వాటాలు జారీ చేయవచ్చు, లాభం సంపాదించవచ్చు, డివిడెండు కూడా ఇవ్వవచ్చు. కాని పంచడానికి వీలైన లాభం 100 పౌండ్లు ఉంటే బయటి వాటాదారులందరికీ కలిపి 35 పౌండ్లకు మించి ఇవ్వకూడదు, మిగతా 65 సంస్థలోనే ఉండి సమాజ ప్రయోజనానికి పనికిరావాలి. దీనికన్నా ముఖ్యమైనది ఆస్తుల కట్టడి: కంపెనీ ఆస్తిని మార్కెట్ ధరకన్నా తక్కువకు ఎవరికైనా ఇవ్వాలంటే ఆ పుచ్చుకునేది మరో సమాజ ప్రయోజన కంపెనీయో ధార్మిక సంస్థో కావాలి. ఒకసారి ఈ రూపం తీసుకున్న కంపెనీ మళ్లీ మామూలు కంపెనీ కాలేదు. ధార్మిక సంస్థగా మారవచ్చు, లేదా మూతపడవచ్చు. ఏటా సమాజానికి చేసిన మేలు గురించి నివేదిక ఇవ్వాలి, దాన్ని చూడడానికి ప్రత్యేక నియంత్రణాధికారి ఉంటాడు. పన్ను రాయితీ మాత్రం ఒక్కటీ లేదు. ఇన్ని బంధాలు పెట్టుకుని ఎవరు వస్తారన్న అనుమానం మొదట్లో ఉండేది. వచ్చినవారిలో అత్యధికులు అసలు వాటాలే లేని హామీ కంపెనీలుగా నమోదయ్యారు, అంటే డివిడెండు అనుమతి వారికి అక్కర్లేకపోయింది. బయటి పెట్టుబడి కోసం కల్పించిన రూపాన్ని, పెట్టుబడి అవసరం లేని చిన్న స్థానిక సంస్థలు ఎక్కువగా వాడుకున్నాయన్నమాట. చట్టకర్తలు ఊహించిన ఫలితం ఇది కాదు, అయినా చెడ్డ ఫలితమూ కాదు.

అమెరికాలో మొదటి ప్రయోగం వేరే సమస్యలోంచి పుట్టింది. అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తిలో సుమారు 5 శాతం ధార్మిక పనులకు ఖర్చు పెట్టాలి. 1969 పన్ను చట్టం ప్రకారం ధార్మిక లక్ష్యం కోసం పెట్టిన పెట్టుబడి, అంటే తక్కువ వడ్డీ రుణమో వాటాయో, ఆ లెక్కలోకి వస్తుంది. అలాంటి పెట్టుబడికి తగిన పాత్రగా ఉండాలని వెర్మాంట్ రాష్ట్రం 2008లో స్వల్ప లాభ పరిమిత బాధ్యతా కంపెనీ అన్న రూపాన్ని సృష్టించింది. పన్ను శాఖ దానికి ప్రత్యేక ఆమోదం ఏదీ ఇవ్వకపోవడంతో ఆశించిన ఫౌండేషన్ సొమ్ము రాలేదు, నార్త్ కరొలైనా 2014 నుంచి తన చట్టాన్ని వెనక్కి తీసుకుంది. పెట్టుబడిదారు కోసం చేసిన రూపాన్ని పెట్టుబడిదారే పట్టించుకోకపోతే అది కాగితం మీదే మిగులుతుంది.

రెండో ప్రయోగానికి ప్రచారం చాలా ఎక్కువ. 2010లో మేరీలాండ్‌తో మొదలై అనేక రాష్ట్రాలకు పాకిన బెనిఫిట్ కార్పొరేషన్ మామూలు కంపెనీలాగే డివిడెండు పంచుతుంది, వాటాలు అమ్ముతుంది, అమ్ముడుపోతుంది. తేడా ఏమిటంటే డైరెక్టర్లు వాటాదారుల లాభంతో పాటు ఉద్యోగుల, సమాజపు, పర్యావరణపు మేలును కూడా పరిగణించాలి, సాధారణంగా బయటి కొలమానం ప్రకారం నివేదిక ఇవ్వాలి. అమెరికన్ కార్పొరేట్ న్యాయంలో ఇది అవసరమైంది, ఎందుకంటే 1919 నాటి ఫోర్డ్ కేసు మొదలు 2010లో డెలావేర్ కోర్టు ప్రకటనల వెబ్‌సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ విషయంలో ఇచ్చిన తీర్పు దాకా, వాటాదారుల ప్రయోజనాన్ని పక్కకు నెట్టే డైరెక్టర్లు చిక్కుల్లో పడతారన్న భయం అక్కడ బలంగా ఉంది. డెలావేర్ 2013లో తన సొంత తరహా చట్టం చేసింది. మామూలు కంపెనీ ఈ రూపంలోకి మారాలంటే మొదట 90 శాతం వాటాదారుల ఓటు కావాలన్నారు, తరువాత మూడింట రెండు వంతులన్నారు, 2020లో సాధారణ మెజారిటీకే దించారు. దారి సులువైన కొద్దీ కట్టుబాటు బరువు తగ్గుతుంది. ఈ రూపంలో డైరెక్టర్లు మాట తప్పితే కోర్టుకు వెళ్లే హక్కు వాటాదారులకే, అదీ నిర్ణీత శాతం వాటా ఉన్నవారికే ఉంది. ఎవరి మేలుకోసం కంపెనీ పెట్టారో వారికి లేదు. ఆస్తుల కట్టడి అసలే లేదు. దుస్తులు తయారుచేసే పేటగోనియా 2012లో కాలిఫోర్నియాలో ఈ రూపం తీసుకున్న తొలి కంపెనీ అయినా, 2022లో దాని యజమాని కుటుంబం కంపెనీని శాశ్వతంగా కాపాడాలనుకున్నప్పుడు ఆ రూపం చాలదనే ఓటు వాటాలను ఒక ప్రత్యేక ట్రస్టుకూ, మిగిలిన వాటాలను పర్యావరణం కోసం పనిచేసే లాభాపేక్షలేని సంస్థకూ బదిలీ చేసింది. బెనిఫిట్ కార్పొరేషన్ మీద ఇంతకన్నా సూటి విమర్శ విద్వాంసులు కూడా రాయలేదు.

ఐరోపాలో ఫ్రాన్స్ 2019లో లక్ష్యబద్ధ కంపెనీ అన్న హోదా కల్పించింది. 2020లో ఆహార సంస్థ డానోన్ వాటాదారులు దాదాపు ఏకగ్రీవంగా దాన్ని స్వీకరించారు. 2021 మార్చిలో ఆ మార్పుకు నాయకత్వం వహించిన అధిపతి పదవి పోయింది, వాటాదారుల ఒత్తిడితోనే. నియమావళిలో లక్ష్యం పదిలంగానే ఉంది, దాన్ని నడిపే వ్యక్తిని కాపాడే శక్తి మాత్రం దానికి లేకపోయింది. బెల్జియం 1990ల మధ్యలో తెచ్చిన సామాజిక లక్ష్య కంపెనీ రూపాన్ని 2019లో రద్దు చేసి సహకార రూపానికే గుర్తింపు పరిమితం చేసింది. ఇటలీ 1991లోనే సామాజిక సహకార సంఘాల చట్టం చేసింది. అందులో ఒక తరగతి సంఘాలు సేవలు అందిస్తాయి, రెండో తరగతివి తమ పనివారిలో కనీసం 30 శాతం మందిని వికలాంగులు, మాదకద్రవ్యాల వ్యసనం నుంచి బయటపడుతున్నవారు వంటి వెనుకబడిన వర్గాల నుంచి తీసుకోవాలి. ఈ చట్టాలన్నిటిలోనూ గట్టిగా నిలబడినది ఇదే అనడం అతిశయోక్తి కాదు, ఎందుకంటే దీని మూలం సభ్యుల ఓటు, వాటా ధనం కాదు.

ఆ ఓటు దగ్గరే తెలుగు నేల అనుభవం మొదలవుతుంది. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం సంఘంలో వాటాదారు కూడా, నియంత్రణాధికారి కూడా. ఎన్నికలు వాయిదా పడడం, పాలకవర్గం స్థానంలో పర్సన్ ఇన్‌చార్జిని వేయడం, బైలాలను రిజిస్ట్రార్ మార్పించడం ఆ చట్టపు దైనందిన జీవితం. దీనికి విరుగుడుగా, చౌదరి బ్రహ్మప్రకాశ్ కమిటీ సూచించిన నమూనా చట్టం ఆధారంగా, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సహవికాస సంస్థ, దాని తరఫున రామారెడ్డి వంటివారు ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నంతో 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. వాడుకలో దీన్నే మ్యాక్స్ చట్టం అంటారు. ఈ చట్టం కింద ప్రభుత్వ వాటా ధనం ఉండదు, బైలాలు సభ్యులవి, పాత సంఘం కొత్త చట్టంలోకి రావాలంటే ప్రభుత్వ వాటాను తిరిగి చెల్లించాలి, నష్టం వస్తే దాన్ని సభ్యులే పంచుకోవాలి. బీహార్, మధ్యప్రదేశ్, కర్ణాటక, ఒడిశా వంటి రాష్ట్రాలు తరువాత ఇదే దారిలో చట్టాలు చేశాయి. హైబ్రిడ్ అన్న మాట ప్రచారంలోకి రాకముందే వచ్చిన ఈ రూపంలో వ్యాపారమూ ఉంది, సామాజిక లక్ష్యమూ ఉంది, బయటి పెత్తనం లేదు.

ఇందులో మిగులు పంపకం ఎలా ఉంటుందో పాడి సంఘంలో చూస్తే స్పష్టమవుతుంది. హనుమకొండ జిల్లా ముల్కనూరులో మహిళా పాడి రైతులు ఈ చట్టం కింద సంఘాలుగా ఏర్పడి 2002 నుంచి తమ సొంత డెయిరీ నడుపుతున్నారు. ఇలాంటి సంఘంలో ఉదయం, సాయంత్రం పోసిన పాలకు వెన్న శాతాన్ని బట్టి ధర కడతారు; ఏడాది చివర మిగిలిన దానిలో సభ్యురాలి బోనస్, ఆమె పెట్టిన షేరు ధనాన్ని బట్టి కాక, ఆ ఏడాది ఆమె పోసిన పాలను బట్టి లెక్కకు వస్తుంది. పది షేర్లున్నా పాలు పోయని సభ్యురాలికి బోనస్ రాదు, ఒక్క షేరుతో రోజుకు ఆరు లీటర్లు పోసేవారికి వస్తుంది, ఓటు మాత్రం ఇద్దరికీ ఒకటే. లాభానికి హద్దు పెట్టాలా వద్దా అన్న బ్రిటిష్ చర్చ ఇక్కడ అవసరమే లేదు, ఎందుకంటే లాభం పొందేదీ సరుకు తెచ్చేదీ ఒకరే.

అయితే మ్యాక్స్ చట్టానికి రెండు బలహీనతలున్నాయి. రిజిస్ట్రార్ అధికారం తగ్గించడం వల్ల వచ్చిన స్వేచ్ఛను కొందరు డిపాజిట్ల సేకరణకు వాడుకున్నారు. నామమాత్రపు సభ్యత్వమిచ్చి సామాన్యుల పొదుపు తీసుకుని బోర్డు తిప్పేసిన సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. రెండోది, మార్పు మీద స్పష్టమైన కట్టడి లేకపోవడం. 1964 చట్టం కింద, ప్రభుత్వ భూమి, ప్రభుత్వ గ్రాంటు, పాడి రైతుల వాటా అన్నీ కలిసి పెరిగిన జిల్లా పాల సమాఖ్యలు కొన్ని 1995 చట్టంలోకి వచ్చాయి, అక్కడినుంచి కొన్ని ఉత్పత్తిదారుల కంపెనీలుగా మారాయి. విశాఖ డెయిరీ 2006లో అలా మారింది. 2006లోనే రాష్ట్ర ప్రభుత్వం డెయిరీలను మ్యాక్స్ పరిధి నుంచి తప్పించి పాత చట్టంలోకి వెనక్కి నెడుతూ సవరణ చేస్తే హైకోర్టు కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, సభ్యులు కోరి ఎంచుకున్న సంఘరూపాన్ని బలవంతంగా మార్చడం సంఘ స్వాతంత్ర్యానికి విరుద్ధమని చెప్పింది. పదేళ్ల తరువాత, 2021 ఏప్రిల్‌లో, గుంటూరు జిల్లా సంగం డెయిరీ యాజమాన్యాన్ని రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సమాఖ్యకు అప్పగిస్తూ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు మే నెలలో నిలిపివేసింది. ఈ వివాదాల్లో రాజకీయం ఎంతన్నది వేరే సంగతి. వాటి అడుగున ఉన్న అసలు ప్రశ్న, ప్రజాధనంతో, రైతుల ధనంతో కలిసి పెరిగిన ఆస్తి సంస్థ రూపం మారినప్పుడు ఎవరిదన్నది. దానికి జవాబు చట్టంలో ముందే రాసి ఉంటే ఒక పక్క ప్రభుత్వానికి లాక్కునే సాకు, మరో పక్క యాజమాన్యానికి సొంతం చేసుకునే వీలు రెండూ ఉండేవి కావు.

ఉత్పత్తిదారుల కంపెనీ అనేది వై.కె. అలఘ్ కమిటీ సిఫారసుతో 2003 ఫిబ్రవరి నుంచి కంపెనీల చట్టంలోకి వచ్చిన రూపం. పదిమంది ఉత్పత్తిదారులు చాలు. ఒక్కొక్కరికీ ఒక్కటే ఓటు. వాటాలు బయటివారికి అమ్మడానికి వీల్లేదు, మరో క్రియాశీల సభ్యుడికి ముఖ విలువకే బదిలీ చేయాలి. అంటే వాటా విలువ పెరిగి లాభం పొందే మార్గమే లేదు, కనుక ధర పెరుగుతుందన్న ఆశతో వచ్చే పెట్టుబడి ఇటు చూడదు. దీని బలం, బలహీనత రెండూ అదే. పెట్టుబడి లోటును ప్రభుత్వం పూడ్చే ప్రయత్నం చేస్తోంది: 2020లో ప్రకటించిన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం కింద ఒక్కో రైతుకు 2,000 రూపాయల వరకు, ఒక్కో సంస్థకు గరిష్ఠంగా 15 లక్షల వరకు సమాన వాటా గ్రాంటు ఉంది. గిడ్డంగి, శుద్ధి యంత్రాలు, వర్కింగ్ క్యాపిటల్ కలిపి చూస్తే ఆ మొత్తం చిన్నది. అందుకే కాగితం మీద ఉన్న రైతు కంపెనీల్లో చాలావాటి వ్యాపారం ఎరువులు, విత్తనాలు అమ్మడం దగ్గరే ఆగిపోతోంది.

ఒకే సంస్థలో అన్నీ ఇమడకపోతే అనేక సంస్థలను ఒక కుటుంబంగా కట్టడం భారతీయుల అసలు హైబ్రిడ్. హైదరాబాద్‌లో విజయ్ మహాజన్ 1996లో మొదలుపెట్టిన బేసిక్స్ సమూహంలో ఒక హోల్డింగ్ కంపెనీ, రుణాలిచ్చే ఫైనాన్స్ కంపెనీ, శిక్షణకూ పరిశోధనకూ సెక్షన్ 25 కంపెనీ, మహబూబ్‌నగర్, రాయచూరు, గుల్బర్గా జిల్లాలకు స్థానిక ప్రాంత బ్యాంకు ఉండేవి. అరకు కాఫీలో గిరిజన రైతుల మ్యాక్స్ సంఘం, నాంది ఫౌండేషన్ ట్రస్టు, 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచిన మార్కెటింగ్ కంపెనీ మూడూ ఒకే సరుకు చుట్టూ పనిచేస్తాయి. ఈ కూర్పులో ప్రతి రూపాయి ఏ ద్వారంలోంచి వచ్చిందో తేడాగా లెక్క రాయాలి. ట్రస్టు తన ఉద్యోగులను కంపెనీ పనికి వాడినా, ట్రస్టు భవనంలో కంపెనీ అద్దె లేకుండా ఉన్నా, వ్యవస్థాపకులకు ట్రస్టు సొమ్ము నుంచి లాభం ముట్టినట్లు పన్ను అధికారి భావిస్తే మినహాయింపే పోవచ్చు. కనుక రెండింటి మధ్యా బజారు ధరకు రాసిన ఒప్పందాలు, వేరువేరు బోర్డులు, వేరువేరు ఆడిట్ అనివార్యం. కంపెనీల సామాజిక బాధ్యతా నిధి, అంటే పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము, ప్రధానంగా సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీలకే వెళుతుంది. కుటుంబంలోని వ్యాపార కంపెనీకి ఎంత సామాజిక ఉద్దేశమున్నా అది దాదాపు అందని సొమ్మే.

విదేశాల్లో ఉన్న తెలుగువారి విషయంలో చట్టం మరింత వింతగా ఉంది. భారతీయ పాస్‌పోర్టుతో అమెరికాలో ఉంటున్నవారు తమ ఊరి ట్రస్టుకు బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమే, అందుకు 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కావాలి, 2020 సవరణ తరువాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా కావాలి, ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అదే వ్యక్తి ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు కంపెనీలో వాటా కొనాలంటే చాలా రంగాల్లో ప్రభుత్వ ముందస్తు అనుమతే అక్కర్లేదు. ఇవ్వడం కన్నా పెట్టుబడి పెట్టడం సులువైన చోట హైబ్రిడ్లు పుట్టడం సహజం, కొన్నిసార్లు అవి పుట్టడానికి అదొక్కటే కారణం.

ఈ బహుళ సంస్థల నమూనా ఎక్కడ విఫలమైందో సూక్ష్మరుణ రంగం చూపింది. మెదక్ జిల్లాలో స్వయం కృషి సంగం అన్న సొసైటీగా 1998లో రుణాలివ్వడం మొదలుపెట్టిన ఎస్‌కేఎస్, కంపెనీగా మారేటప్పుడు రుణగ్రహీత మహిళలే లబ్ధిదారులుగా మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టులు ఏర్పరచి, దాతల సొమ్మును వాటి ద్వారా వాటాలుగా పెట్టింది. ఊహ గొప్పది: విరాళం పేదల యాజమాన్యంగా మారుతుంది. కాని ట్రస్టులో లబ్ధిదారుకు ఓటు లేదు, నిర్ణయించేది ధర్మకర్త. ప్రైవేటు పెట్టుబడులు వచ్చిన కొద్దీ ఆ ట్రస్టుల వాటా పలచబడింది. 2010 ఆగస్టులో 985 రూపాయల ధరకు వాటాలు అమ్మి కంపెనీ మార్కెట్లో లిస్టయింది. రెండు నెలలు తిరగకుండానే అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి, లిస్టు కాని సంస్థలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. ఎం.ఎస్. శ్రీరామ్ వంటి పరిశోధకులు ఈ రూపాంతరాల్లో ధార్మిక సొమ్ము వ్యక్తుల లాభానికి మెట్టయిన తీరును విమర్శించారు. పేదల పేరుతో వాటా ఉండడం, పేదలకు ఓటు ఉండడం ఒకటి కాదు. ముల్కనూరులో బోనస్ పంపిణీ మీద సర్వసభ్య సమావేశంలో చేయెత్తే మహిళకు ఉన్నదీ, ఈ ట్రస్టుల లబ్ధిదారుకు లేనిదీ అదే.

భారత ప్రభుత్వం తాజాగా ఎంచుకున్న దారి కొత్త చట్టరూపం కాదు, కొత్త బజారు. 2019 బడ్జెట్‌లో ప్రకటించిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022 జూలైలో నిబంధనలు ఇచ్చింది. దీనిలో లాభాపేక్షలేని సంస్థ జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రాలు అమ్మవచ్చు. కొన్నవారి డీమ్యాట్ ఖాతాలో పత్రం కనిపిస్తుంది, వడ్డీ రాదు, అసలూ తిరిగిరాదు, ఆ సొమ్ముతో చేసిన పని గురించిన నివేదిక మాత్రం వస్తుంది. పేరు ఏదైనా ఇది రసీదు మెరుగుపడిన విరాళమే, అందులో తప్పేమీ లేదు. 2023 డిసెంబర్‌లో బెంగళూరుకు చెందిన ఉన్నతి ఫౌండేషన్ తొలి లిస్టింగ్ చేసింది. లాభాపేక్ష ఉన్న సామాజిక సంస్థలు కూడా రావచ్చు గాని, మూడేళ్ల సగటున రాబడిలోనో ఖర్చులోనో లబ్ధిదారుల సంఖ్యలోనో 67 శాతం నిర్దేశిత సామాజిక కార్యకలాపాలకు చెందాలన్నది షరతు. ఇది ప్రవేశ పరీక్షే. లోపలికి వచ్చాక ఆస్తిని కట్టడి చేసేది ఏదీ లేదు.

ఇక్కడ భారత కంపెనీల చట్టంలోని 166వ సెక్షన్‌ను గుర్తు చేయాలి. వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజపు మేలు, పర్యావరణ రక్షణ కోసం కూడా డైరెక్టర్ పనిచేయాలని 2014 నుంచీ అది ప్రతి కంపెనీకీ చెబుతోంది. అమెరికన్ రాష్ట్రాలు ప్రత్యేక రూపంలో ఇచ్చిన డైరెక్టరు స్వేచ్ఛ ఇక్కడ అన్ని కంపెనీలకూ ముందునుంచే ఉంది. కనుక బెనిఫిట్ కార్పొరేషన్ చట్టాన్ని దిగుమతి చేసుకోమనే సూచన ఉన్నదాన్నే మళ్లీ కొనమనడం. నియమావళిలోని కొన్ని నిబంధనలను మార్చడం కష్టతరం చేసుకునే వీలు 5వ సెక్షన్ ఇస్తుంది, దాన్ని తెలివిగా వాడుకుంటే వ్యవస్థాపకులు ఉద్దేశాన్ని కొంతకాలం కాపాడుకోగలరు. కాని ప్రైవేటు కంపెనీ సభ్యులందరూ ఒప్పుకుంటే అదీ తొలగిపోతుంది, కంపెనీ మొత్తాన్ని ఒక్కరే కొన్న రోజున అందరూ ఒప్పుకోవడం కష్టం కాదు.

భారత చట్టంలో లేనివి రెండే విషయాలు. లాభం పంచే కంపెనీ కూడా స్వచ్ఛందంగా స్వీకరించగల, స్వీకరించాక వెనక్కి తీసుకోలేని ఆస్తుల కట్టడి ఒకటి. ఎవరికోసం సంస్థ పెట్టారో వారు, అది పాలు పోసే రైతు కావచ్చు, రుణం తీసుకున్న మహిళ కావచ్చు, ఉల్లంఘన జరిగితే నేరుగా ఫిర్యాదు చేయగల హక్కు రెండోది. మొదటిదానికి బ్రిటన్ నమూనా ఉంది, రెండోదానికి 1995 నాటి మ్యాక్స్ చట్టపు సభ్యత్వ సూత్రమే పునాది కాగలదు. పార్లమెంటు ఇటువంటి సవరణ చేసేదాకా, కొత్తగా సంస్థ పెట్టేవారు నియమావళిలో అన్నిటికన్నా ఆఖరున, ఎవరూ చదవకుండా సంతకం చేసే రద్దు నిబంధనను మొదట రాసుకోవడం మంచిది. సెక్షన్ 8 కంపెనీని మినహాయిస్తే, ప్రస్తుతం భారత కంపెనీల చట్టంలో ఆ పని చేసిపెట్టే నిబంధన ఒక్కటీ లేదు.